ముంపు తండాలో మా పేర్లు రాయించుకున్న తీరు

నీళ్లు వద్దని మా తండాలో ఎవరూ అనలేదు. ఈ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే ముంపు తండా అనగానే ప్రాజెక్టుకు అడ్డం పడేవాళ్లని ఒక ముద్ర వేసేశారు. పాత నల్గొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాలు కలిసే మెట్ట మాది. కృష్ణ కింద లోయలో పారుతుంది, మేము పైన గుట్టల మధ్య ఉంటాం. 1955 డిసెంబర్‌లో పునాది పడిన నాగార్జునసాగర్ నీళ్లు మిర్యాలగూడ వైపు వరి పండించాయి. మా వైపు ఆముదం, కంది, తర్వాత పత్తి. బోరు ఎండితే హైదరాబాద్ బస్సు. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర పోయినవాళ్లను చూస్తూ పెరిగాం. అందుకే 2015 జూన్ 11న పాలమూరు-రంగారెడ్డికి, మర్నాడే డిండి ఎత్తిపోతలకు పునాది రాళ్లు వేసినప్పుడు మా తండాలో కూడా సంతోషించారు. ఆ నీళ్లను ఆపే కట్టల్లో ఒకదాని వెనక మునిగేది మా ఇళ్లేనని అప్పటికి తెలీదు.

మాకు రావాల్సిన పరిహారం మీద మేము పెట్టుకున్న దరఖాస్తు ఇంకా అథారిటీ ముందు, అంటే భూసేకరణ పరిహారం తగాదాలు తేల్చేవాళ్ల ముందు ఉంది. అందుకని తండా పేరు, రిజర్వాయర్ పేరు రాయడం లేదు. మా చుట్టుపక్కల కొత్తగా నోటీసులు అందుకుంటున్నవాళ్లు ఫోన్ చేసి 'ఏం చెయ్యాలె అక్కా' అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేది ఒకచోట రాస్తే నయమనిపించింది.

మొదట వచ్చింది సర్వేవాళ్లు. మూడు కాళ్ల మిషన్ పెట్టి, పొలాల గట్ల మీద ఎర్ర రంగు పూసిన రాళ్లు పాతారు. అది ఎఫ్‌ఆర్‌ఎల్ గుర్తు, అంటే రిజర్వాయర్ నిండితే నీళ్లు అక్కడిదాకా వస్తాయన్నమాట. మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. మేకలు కాసే పిల్లలు ఆ రాళ్ల మీద కూర్చుని ఆడుకునేవాళ్లు. తర్వాత 'ఎకరానికి ఇంత, ఒక్కసారే, రిజిస్ట్రేషన్ రోజే చెక్కు' అంటూ మనుషులు తిరిగారు. 2015 జూలైలో వచ్చిన 123 జీవో అది. భూమిని చట్టం కింద సేకరించరు, ఇష్టపడి అమ్మేవాళ్ల దగ్గర ప్రభుత్వం నేరుగా కొంటుంది. వినడానికి బాగానే ఉంది. కానీ కొనుగోలులో పట్టాదారుకి మాత్రమే చోటుంటుంది. కౌలు చేసేవాళ్లు, కూలికి పోయేవాళ్లు, ఇల్లు తప్ప గుంట భూమి లేనివాళ్లు ఆ లెక్కలోకి రారు. హైకోర్టులో కేసులు పడ్డాయి, 2016 ఆగస్టులో సింగిల్ జడ్జి ఆ జీవోని కొట్టేశారు, ప్రభుత్వం అప్పీలుకి పోయింది, 2017లో రాష్ట్రమే 2013 భూసేకరణ చట్టానికి సవరణ తెచ్చుకుంది. ఈలోగా మా తండాలో అప్పులున్నవాళ్లు అమ్మేశారు. వాళ్లను నేను తప్పు పట్టను. ఆడపిల్ల పెళ్లి పెట్టుకున్న ఇంటికి చెక్కు చూపిస్తే కోర్టు తీర్పు దాకా ఆగమని ఎవరు చెప్పగలరు?

మిగిలిన మాకు 2013 చట్టం కింద నోటిఫికేషన్ వచ్చింది. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. చట్టం తెలుగు పుస్తకం హైదరాబాద్ నుంచి తెప్పించుకుని రాత్రిళ్లు చదివి, పొద్దున నాన్నకు, మా నాయక్‌కు వివరించి చెప్పేదాన్ని. నాయక్ అంటే మా తండా పెద్ద. డెబ్బై దాటినవాడు, అందరం దాదా అంటాం.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది. "మనల్ని అడగకుండ తీస్కునుడు నడుస్తదా బేటీ?"

నడుస్తుంది. దీని మీద చాలామందికి భ్రమ ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఎస్టీలం కాబట్టి మా గ్రామసభ ఒప్పుకోకపోతే భూమి తీసుకోలేరని చదువుకున్న మా పిల్లలే వాట్సాప్‌లో తిప్పారు. 2013 చట్టం 41వ సెక్షన్‌లో గ్రామసభ ముందస్తు అంగీకారం అనే మాట ఉన్నది నిజమే, కానీ అది రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద ప్రకటించిన ప్రాంతాలకు. నల్లమలలో అమ్రాబాద్ వైపు చెంచు పెంటలు ఆ పరిధిలోకి వస్తాయి. మా తండా రాదు. ఎస్టీ సర్టిఫికెట్ మనిషికి ఉంటుంది, షెడ్యూల్డ్ ఏరియా హోదా నేలకు ఉంటుంది. మాకు మొదటిది ఉంది, రెండోది లేదు. ప్రైవేటు కంపెనీకైతే 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యానికైతే 70 శాతం కుటుంబాల అంగీకారం కావాలి. ప్రభుత్వం తన కోసం తాను తీసుకునే సాగునీటి ప్రాజెక్టుకు అదీ అక్కర్లేదు. సామాజిక ప్రభావ అంచనా అయినా జరగాలి కదా అంటే, 2017 సవరణతో ఇలాంటి ప్రాజెక్టులకు దాన్నుంచి మినహాయింపు ఇచ్చే వీలు చేసుకున్నారు.

అడవి భూమి సంగతి వేరు. అక్కడ గ్రామసభ మాటకు బలమిచ్చే 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. 2013లో ఒడిశా నియమగిరిలో సుప్రీంకోర్టు తీర్పు మీద పెట్టిన 12 గ్రామసభలూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. మా పక్కనే చూస్తే, పెద్దగట్టు-లంబాపూర్ యురేనియం గనికి 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు, జనం గట్టిగా వ్యతిరేకించారు, ఈ రోజుకీ అక్కడ గని తవ్వలేదు. అమ్రాబాద్‌లో యురేనియం అన్వేషణ మీద 2019లో గొడవ పెద్దదై, సెప్టెంబర్ 16న శాసనసభే వద్దని తీర్మానం చేసింది. ఇవన్నీ విని మావాళ్లకు ధైర్యం వచ్చింది. కానీ యురేనియం వద్దంటే పట్నంలో ఉన్నవాళ్లూ మనతో గొంతు కలుపుతారు. సాగునీళ్లకు ఎదురు మాట్లాడితే పక్క ఊరివాడే మన మొహం చూడడు. వాడికి ఆ నీళ్లు కావాలి, వాడి బాధా నిజమే. ఇది అర్థమయ్యాక ఆపడం గురించి మాట్లాడటం మానేశాం. మాకు ఏం రావాలో అది కాగితం మీదికి ఎక్కించడం గురించి మాట్లాడుకున్నాం.

గ్రామసభ మా బడి ముందు జరిగింది. అంతకుముందు మాది పెద్దూరి పంచాయతీలో ఒక వార్డు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలు సొంత పంచాయతీలయ్యాయి, అందులో మాదీ ఒకటి. లేకపోతే ఈ సభ కూడా పెద్దూరి చావిడి దగ్గరే జరిగేది, మా ఆడవాళ్లు అక్కడికి వచ్చేవాళ్లే కాదు. షామియానా వేశారు, సార్లకు కుర్చీలు, మగవాళ్లకు ముందు జంపఖానా, ఆడవాళ్లు వెనక గోడ పక్కన. ఇంజినీరు సార్ పెద్ద మ్యాప్ తెరిచి పట్టుకున్నాడు. నీలి రంగులో నీళ్లు, చుట్టూ గీతలు, పేర్లన్నీ ఇంగ్లీషులో. మా తండా ఆ నీలం మధ్యలో ఒక చుక్క. ఎన్ని లక్షల ఎకరాలు పారుతుందో చెప్పారు. మీ త్యాగం మరువలేనిది అన్నారు. ఈ 'త్యాగం' అనే మాట వినబడితే జాగ్రత్త పడండి, దాని తర్వాత సాధారణంగా పైసల మాట రాదు.

దాదా లేచి ఒకటే అడిగాడు. "ఈ నీళ్లు మీరిచ్చే కొత్త ఊరికి పారుతయా సార్?"

పునరావాసానికి చూసిన స్థలం కాలువకు ఎగువన ఉంది. ఇంజినీరు సార్ ఆర్డీవో వైపు చూశాడు. ఆయన "రాసుకున్నం పెద్దాయనా, పైకి పంపిస్తం" అన్నాడు.

నేను మైక్ అడిగి సర్వే నంబర్ల వారీగా ముంపు జాబితా తెలుగులో ఇవ్వాలని, పునరావాసం ముసాయిదా పంచాయతీ గోడకు అంటించాలని, ఎస్టీ కుటుంబాలకు పోయిన భూమికి బదులు అంతే భూమి గానీ రెండున్నర ఎకరాలు గానీ, ఏది తక్కువైతే అది ఇవ్వాలని చట్టం రెండో షెడ్యూల్‌లో ఉంది కాబట్టి దాని సంగతేమిటని అడిగాను. చప్పట్లు కొట్టారు. చప్పట్లతో పనేమీ కాలేదు గానీ వెనక కూర్చున్న ఆడవాళ్లు ఆ తర్వాతే ముందుకు జరిగారు.

సభ అయ్యాక పంచాయతీ కార్యదర్శి మినిట్స్ బుక్కు తెచ్చి సంతకాలు పెట్టమన్నాడు. పేజీ ఖాళీగా ఉంది. హాజరు కోసమే అన్నాడు. చాలామంది పెట్టేశారు, మా నాన్నతో సహా. కొన్నాళ్లకు ఆ పేజీ కాపీ అడిగి తెచ్చుకుంటే, సంతకాల పైన నాలుగు లైన్లు రాసి ఉన్నాయి. 'గ్రామస్తులు ప్రాజెక్టు నిర్మాణానికి పూర్తిగా సహకరిస్తామని, ప్రభుత్వం ఇచ్చే ప్యాకేజీకి అభ్యంతరం లేదని ఏకగ్రీవంగా తెలిపారు.' దాదా అడిగిన ప్రశ్న లేదు. నేను అడిగిన మూడూ లేవు.

నాకు కోపం కంటే ముందు ఒక లెక్క తెలిసొచ్చింది. మేము మైక్‌లో మాట్లాడినదంతా షామియానాతో పాటే ఎత్తేశారు. పై ఆఫీసులకు పోయేది ఈ నాలుగు లైన్లే. ఇక అప్పటి నుంచి ఏ సభకు పోయినా మా మాట ముందే తెల్లకాగితం మీద రాసుకుని, రెండు కాపీలు తీసి, ఒకటి ఇచ్చి రెండో దాని మీద 'అందినది' అని ముద్ర, తేదీ, సంతకం వేయించుకున్నాం. ముద్ర లేదంటే సోమవారం ప్రజావాణిలో ఇచ్చి రసీదు తెచ్చుకున్నాం. మినిట్స్‌లో సంతకం పెట్టే ముందు, ఖాళీ ఉంటే అడ్డంగా గీత కొట్టి, 'మా అభ్యంతర పత్రం జతచేయబడింది' అని రాసి దాని కింద పెట్టాం. మొదటిసారి కార్యదర్శి పుస్తకం లాక్కోబోయాడు. పదిమంది ఆడవాళ్లు చుట్టూ నిలబడితే ఊరుకున్నాడు. పాత పేజీ మీద కూడా మేమంతా సంతకాలు చేసి ఒక ఫిర్యాదు ఇచ్చాం. పేజీ మారలేదు. కానీ మా ఫిర్యాదు కూడా ఫైల్లో చేరింది, తర్వాత వకీలుకి అదే పనికొచ్చింది.

సర్వే రోజుల గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే డబ్బు అసలు అక్కడే తేలుతుంది. భూమి కొలత రెవెన్యూవాళ్లది, ఇళ్ల విలువ ఆర్ అండ్ బీ ఇంజినీర్లది, పండ్ల చెట్లు ఉద్యానశాఖది. ఒక్కో జట్టు ఒక్కో రోజు వచ్చింది. మాది లావుణి పట్టా, అంటే ప్రభుత్వం అసైన్ చేసిన భూమి. దానికి పట్టా భూమి కంటే తక్కువ ఇస్తారని మొదట ఒక ఉద్యోగి అన్నాడు. చట్టంలో భూయజమాని అంటే అసైన్డ్ భూమి ఉన్నవాడు, అటవీ హక్కు పత్రం ఉన్నవాడు కూడా అని రాసి ఉందని పేజీ తీసి చూపించాం. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మా బత్తాయి తోటలో చెట్లు లెక్కపెట్టిన రోజు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఒకబ్బాయి టేపుతో కాండం చుట్టుకొలత చెప్తాడు, ఇంకొకడు సున్నంలో ముంచిన బ్రష్‌తో చెట్టు మీద నంబరు వేస్తాడు, సార్ గొడుగు కింద నిలబడి కాగితం మీద రాస్తాడు. బోరు ఇంకిపోయి చివరి రెండు వరుసలు ఎండుతున్నాయి. ఆకులు రాలాయి గానీ కొమ్మ గీరితే లోపల పచ్చగానే ఉంది. సార్ వాటిని వదిలేసి ముందుకు పోతుంటే నాన్న గోటితో బెరడు గీరి చూపించాడు. ఒక్కో చెట్టుకూ గీరాడు. సార్ విసుక్కుంటూనే వెనక్కి వచ్చి నంబర్లు వేయించాడు. అదే వారంలో మా పక్క చేనులో రాత్రికి రాత్రే మామిడి మొక్కలు మొలిచాయి, నర్సరీ సంచులు కూడా పూర్తిగా తీయలేదు. నవ్వొచ్చింది గానీ, దానివల్ల మా నిజం చెట్లను కూడా అనుమానంగా చూశారు. నోటిఫికేషన్ తర్వాత పెట్టినవి లెక్కలోకి రావు, అలాంటి పని చేయకండి.

లెక్కకు రానివి ఇంకా ఉన్నాయి. మా గుట్టల మీద సీతాఫలం చెట్లు ఎవరూ నాటినవి కావు. దసరా ముందు నుంచి దీపావళి దాకా ఆడవాళ్లు తెల్లవారుజామునే గంపలతో ఎక్కుతారు. ఆ నెలన్నర డబ్బుతోనే పిల్లల ఫీజులు, పండుగ బట్టలు. గుట్ట సర్కారుది కాబట్టి పంచనామాలో దానికి గడి లేదు. మేకలు మేసే బంచరాయికీ లేదు. మా యాడి, అంటే మా అమ్మ, సార్ దగ్గరికి పోయి "కాయలు మేం కోస్తిమి, అమ్మితిమి, మరి మా పేరెందుకు రాస్తలేరు?" అంది. దానికి ఫారం లేదన్నాడాయన. నిజంగానే లేదు. వకీలు సలహా మీద ప్రతి ఆడమనిషీ ఎన్నేళ్లుగా కోస్తున్నదీ, ఎక్కడ అమ్ముతున్నదీ, ఎంత వస్తున్నదీ విడివిడిగా వాంగ్మూలం రాసిచ్చింది. జీవనాధారం పోయిన కుటుంబం కూడా బాధిత కుటుంబమే అని చట్టం అంటోంది, ఆ కింద ఇచ్చాం. భూమి లేని కొన్ని ఇళ్లు పునరావాస జాబితాలోకి ఎక్కడానికి అవి పనికొచ్చాయి. సీతాఫలానికంటూ ఒక్క రూపాయి రాలేదు.

తండా పొలిమేరలో వేపచెట్టు కింద ఏడు రాళ్లున్నాయి. మా సీత్లా తల్లి పండుగకు అక్కడే మొక్కుతాం. వాళ్ల కాగితంలో 'వేప, 1, ప్రభుత్వ భూమి' అని ఉంది. చట్టం మూడో షెడ్యూల్‌లో కొత్త కాలనీలో గిరిజన సంప్రదాయ సంస్థలకు విడిగా స్థలం కేటాయించాలని ఉంది. ఆ లైను కింద గీత గీసి, సీత్లాకు, సేవాలాల్ గుడికి, తీజ్ పండుగ ఆడుకునే ఖాళీ స్థలానికి వేర్వేరుగా చోటు అడిగాం. ప్లాన్‌లో 'కమ్యూనిటీ హాల్' అని ఒక్క గడి ఉండేది. చివరికి గుడికి, ఖాళీ స్థలానికి చోటు పెట్టారు, సీత్లాకు పెట్టలేదు.

ఇక నా పేరు సంగతి. కుటుంబాల సర్వేకి వచ్చినవాళ్లు మా ఇంట్లో రెండు కుటుంబాలు రాశారు. అమ్మానాన్న ఒకటి, పద్దెనిమిది దాటిన మా అన్న ఒకటి. నాకు అప్పటికి ఇరవై ఏళ్లు, పెళ్లి కాలేదు. నన్ను నాన్న కింద 'కూతురు' అని రాశారు. అడిగితే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "నువ్వు పెండ్లి చేసుకొని పోతవు కదమ్మా. నీకెందుకు ప్లాటు?"

అన్న కూడా రేపు పట్నం పోతాడు కదా సార్, వాడికెందుకు అన్నాను. నవ్వు ఆగింది. 2013 చట్టంలో 'కుటుంబం' అన్న నిర్వచనం కింద వివరణ ఉంది. వయోజనులు ఆడైనా మగైనా, పెళ్లైనా కాకపోయినా ప్రత్యేక కుటుంబమే. వితంతువులు, కుటుంబం వదిలేసిన ఆడవాళ్లు, విడాకులు తీసుకున్నవాళ్లు కూడా. ఒక్కో కుటుంబానికి ఒక ఇల్లు, ఉద్యోగం గానీ దానికి బదులు ఐదు లక్షలు గానీ, ఏడాది పాటు నెలకు మూడు వేలు, సామాను తరలింపుకు యాభై వేలు, పునరావాస భత్యం మరో యాభై వేలు అని రెండో షెడ్యూల్ చెప్తోంది. ఒక ఆడపిల్ల పేరు రాయకపోతే ఇవన్నీ ఆ ఇంటికి ఒకసారి తక్కువన్నమాట.

తండా మొత్తం చూస్తే మా లాంటి ఆడపిల్లలు చాలామందే ఉన్నారు, ఒక్కరి పేరూ లేదు. భర్త చనిపోయి పుట్టింటికి వచ్చిన ఇద్దరి పేర్లు కూడా లేవు. అభ్యంతరాల గడువు లోపల ఒక్కొక్కరికి పదో తరగతి మెమో, ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు జతచేసి విడివిడి దరఖాస్తులు పెట్టాం. అందరిదీ కలిపి ఒక్క కాగితం పెడితే ఒక్క జవాబుతో మూసేస్తారని వకీలు ముందే చెప్పాడు. కొందరు తండ్రులు సంతకానికి ఒప్పుకోలేదు. కూతురికి ప్లాటు వస్తే అల్లుడు వచ్చి కూర్చుంటాడని వాళ్ల భయం. ఆ గొడవ ఆఫీసులో కంటే మా ఇళ్లలోనే ఎక్కువ నడిచింది. మా నాన్న మాత్రం ఒక్క మాట అనకుండా సంతకం పెట్టాడు, ఇది ఎక్కడైనా రాసిపెట్టాలని నాకు ఎప్పటి నుంచో ఉంది.

రెండో జాబితాలో నా పేరు వచ్చింది, సీరియల్ నంబరుతో, విడి కుటుంబంగా. వితంతువుల పేర్లూ వచ్చాయి. జాబితా తయారయ్యేలోగా పెళ్లి అయిన ముగ్గురిని కొట్టేశారు, వాళ్లు ఇంకా తిరుగుతున్నారు. ఇంకో చిక్కు, వయసు లెక్కకు తీసుకునే కటాఫ్ తేదీ నాటికి పదహారు, పదిహేడేళ్లున్న పిల్లలు. మధ్యలో కరోనా వచ్చింది, బిల్లులు ఆగాయి, కట్ట పని ఆగింది. ఏళ్లు గడిచాయి. ఆ పిల్లలకు ఇప్పుడు పెళ్లిళ్లై పిల్లలు కూడా పుట్టారు, కాగితంలో మాత్రం ఇంకా మైనర్లే. ఆలస్యం వాళ్లది, నష్టం పిల్లలది. ఇల్లు ఖాళీ చేసే తేదీని కటాఫ్‌గా పెట్టమని ముంపు ఊళ్లన్నీ అడుగుతున్నాయి, నా దృష్టిలో అదే న్యాయం.

అవార్డు, అంటే ఎవరికెంత పరిహారమో తేల్చిన ఉత్తర్వు ప్రకటించాక చెక్కులు పంచిన రోజు చేయాల్సిన పని ఒకటుంది. ఈ మొత్తం అనుభవంలో ఒక్కటే గుర్తుపెట్టుకోమంటే ఇదే చెప్తాను. డబ్బు తీసుకుంటూ సంతకం పెట్టేచోట 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాయాలి. అలా రాయకుండా తీసుకుంటే, పరిహారం పెంచమని 64వ సెక్షన్ కింద అథారిటీకి పోయే హక్కు పోతుంది. అవార్డు చెప్పినప్పుడు మీరు అక్కడే ఉంటే ఆరు వారాల్లో కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టాలి. ఆ రోజు కౌంటర్‌లో కూర్చున్నతను "ఏం రాయొద్దు, రాస్తే చెక్కు ఆగుతది" అన్నాడు. లైన్‌లో ఉన్నవాళ్లకు టెన్షన్ పట్టుకుంది. కొందరు రాయకుండా తీసుకున్నారు. నాన్న సంతకం తప్ప పెద్దగా రాయలేడు. ముందురోజు రాత్రి ఆ రెండు మాటలూ పలక మీద రాసి దిద్దించాను. కౌంటర్ దగ్గర వంగి, ఒక్కో అక్షరం దిద్దుతూ రాస్తుంటే వెనకవాళ్లు సణిగారు. రాయడం అయ్యాక కిందకు చూసి, ఒత్తు మర్చిపోయానని మళ్లీ పెన్ను అడిగాడు. చెక్కు ఆగలేదు.

ముందే 123 కింద అమ్మినవాళ్లకు ఈ దారి లేదని వకీలు చెప్పాడు, వాళ్లది సేకరణ కాదు, అమ్మకం. ఒకే గట్టుకు ఇటు పక్క వాడికి ఒక చట్టం, అటు పక్క వాడికి ఇంకో దారి. అన్నదమ్ముల మధ్య మాటలు లేకుండా పోయింది ఇందువల్లనే.

కొత్త కాలనీలో ప్లాట్లకు లాటరీ తీస్తామన్నారు. పారదర్శకంగా ఉంటుందని వాళ్ల ఉద్దేశం. మేము లాటరీ వద్దన్నాం. మా తండాలో ఇళ్లు వంశాల వారీగా ఉంటాయి, ముసలివాళ్ల పక్కనే కొడుకులు, బిడ్డలు. లాటరీలో ఒకరు ఈ మూల, ఒకరు ఆ మూల పడితే దాదాకు పూటకు రొట్టె ఎవరిస్తారు? చివరికి వరుసలు మాకే వదిలేసి, వరుసలో నంబర్లకు మాత్రం చీటీలు తీశారు. మేము అడిగింది అడిగినట్టు జరిగింది ఇదొక్కటే, దానికి ఖర్చు లేదు కాబట్టి జరిగిందనుకుంటాను. భూమికి భూమి మాత్రం ఇవ్వలేదు. ఎందుకివ్వరో సమాచార హక్కు కింద అడిగితే 'అందుబాటులో లేదు' అని ఒక్క లైను వచ్చింది. దాని మీద అప్పీలు వేశాను.

ఇప్పుడు చేపల పంచాయితీ నడుస్తోంది. రిజర్వాయర్‌లో చేపలు పట్టుకునే హక్కు ముంపు కుటుంబాలకు ఇవ్వొచ్చని రెండో షెడ్యూల్‌లోనే ఉంది. మా తండా ఆడవాళ్లు, మగవాళ్లు కలిసి సంఘం పెట్టుకుంటామని దరఖాస్తు ఇచ్చారు. దిగువ ఊళ్లో ముదిరాజులకు ముందు నుంచీ మత్స్య సహకార సంఘం ఉంది, చేపల పని వాళ్ల కులవృత్తి, మీకు వల వేయడమైనా వచ్చా అని వాళ్లు అడుగుతున్నారు. రాదు, నిజమే. నేర్చుకుంటామని మా యాడి అంటోంది. వాళ్ల చెరువు కూడా ఇదే రిజర్వాయర్‌లో కలిసిపోయింది కాబట్టి వాళ్లనూ కాదనలేం. రెండు సంఘాలకూ చెరో భాగం ఇమ్మని కలిసి అడుగుదామని ఒకసారి కూర్చున్నాం, హద్దు ఎక్కడ పెట్టాలన్న దగ్గర ఆగింది. వచ్చే వారం మళ్లీ కూర్చుంటున్నాం, ఈసారి వాళ్ల ఊళ్లో.